ఇంటి నెట్‌వర్క్ మొరాయిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

నెట్ రావట్లేదు అనగానే అందరం ముందుగా చేసే పని రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయడం. దానివల్ల నష్టమేమీ లేదు, చాలాసార్లు పని జరుగుతుంది కూడా. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఫలితం లేకపోయేసరికి కంటబడ్డ సెట్టింగ్‌నల్లా మార్చేస్తాం. సైట్ల పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ మారుస్తాం, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేస్తాం, విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీకి ఎక్కడో చదివిన చిట్కా పెట్టేస్తాం. కాసేపటికి మొదట ఉన్న ఒక్క లోపానికి మనం చేర్చినవి ఇంకో మూడు తోడవుతాయి. అందుకే ఇక్కడ రెండు నియమాలు పెట్టుకుందాం. లోపం ఎక్కడుందో తెలిసేదాకా ఏదీ మార్చకూడదు. మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం రాకపోతే దాన్ని మళ్లీ ఎప్పటిలా పెట్టాకే ఇంకోదాని జోలికి వెళ్లాలి.

ఇంకో సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇంటి నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు. మీ కంప్యూటర్, ఫోన్, ప్రింటర్ అన్నీ రౌటర్‌తో కలిసి ఇంటి నెట్‌వర్క్ అవుతాయి. రౌటర్ నుంచి బయటికి వెళ్లేది ఇంటర్నెట్. ప్రొవైడర్ లైన్ పూర్తిగా తెగిపోయినా సరే, ఈ గదిలోని ల్యాప్‌టాప్ నుంచి ఆ గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఫైలు తెరుచుకోవాలి. అలాగే ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తున్నా షేరింగ్ పనిచేయకపోవచ్చు. ఈ రెండింటినీ కలగలిపి చూస్తే ఎంతసేపు కూర్చున్నా దారి దొరకదు. కాబట్టి ముందు కనెక్షన్ సంగతి, ఆ తర్వాత షేరింగ్ సంగతి.

ఒక్కదానికేనా, అన్నిటికీనా

మొదటి ప్రశ్న ఇదే. ఒక్క కంప్యూటర్‌లోనే రావట్లేదా, ఇంట్లో ఉన్న అన్నిటిలోనూ రావట్లేదా? ఫోన్‌తో పరీక్షిస్తుంటే మొబైల్ డేటా ఆపేసి చూడండి. లేకపోతే అది వైఫైలో వస్తోందో, సిమ్ మీద వస్తోందో తెలియదు.

అన్నిటిలోనూ రాకపోతే మీ కంప్యూటర్‌ను ముట్టుకోనక్కర్లేదు. రౌటర్, మోడెమ్ (ప్రొవైడర్ లైన్ వచ్చి కలిసే డబ్బా) దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ డబ్బా మీద పాన్ అనే లైటు, లాస్ అనే లైటు ఉంటాయి. పాన్ నిలకడగా వెలుగుతూ ఉంటే లైన్ కలిసినట్టు. లాస్ ఎర్రగా వెలుగుతుంటే, లేదా ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు మీదాకా రావట్లేదని అర్థం. సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మరీ వంగిపోయిందా, సామాను కింద నలిగిందా అని చూడండి. లాగకండి, పీకి మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకండి, చివరను కంటికి ఎదురుగా పెట్టి చూడనే చూడకండి. అది ప్రొవైడర్ మనుషులు చేయాల్సిన పని.

లైట్లు బాగానే ఉండి నెట్ రాకపోతే అప్పుడు ఆపి ఆన్ చేయండి. దానికీ ఒక వరస ఉంది. మోడెమ్, రౌటర్ విడివిడి డబ్బాలైతే రెండిటి కరెంటూ తీసేసి ఒక నిమిషం ఆగండి. ముందు మోడెమ్ ఆన్ చేసి దాని లైట్లు కుదురుకునేదాకా ఆగండి. తర్వాత రౌటర్. ఆ తర్వాతే కంప్యూటర్. ఈ వరస ఎందుకంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ అడ్రస్ అనే ఒక నంబరు ఉండాలి. బయటి అడ్రస్ మోడెమ్ వైపు నుంచి రౌటర్‌కు రావాలి, ఇంటి అడ్రస్ రౌటర్ నుంచి కంప్యూటర్‌కు రావాలి. ఇచ్చేవాడు లేవకముందే తీసుకునేవాడు అడిగితే ఖాళీ చేతులతోనే మిగులుతాడు.

ఒక్క కంప్యూటర్‌లోనే రాకపోతే లోపం ఆ కంప్యూటర్‌లోనో, దానికీ రౌటర్‌కీ మధ్యలోనో ఉంది. ల్యాప్‌టాప్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున పడిందేమో, వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్) ఆన్‌లో ఉందేమో, తేదీ, టైమ్ తప్పుగా ఉన్నాయేమో చూడండి. టైమ్ తప్పైతే నెట్ ఉన్నా సైట్లు సెక్యూరిటీ హెచ్చరిక చూపించి తెరుచుకోవు. కేబుల్‌తో కలిపి ఉంటే దాన్ని రెండు వైపులా తీసి, క్లిక్‌మనేలా మళ్లీ పెట్టండి. ఇవేవీ కాకపోతే తర్వాతి మెట్టుకు వెళ్దాం.

అడ్రస్ చూడండి, సగం సంగతి అదే చెప్పేస్తుంది

ఇక్కడి నుంచి చెప్పే కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. విండోస్‌లో స్టార్ట్ మెనూ తెరిచి సీఎండీ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. చాలా వరసలు వస్తాయి, కంగారు పడకండి. మీరు వాడుతున్న వైఫై లేదా ఈథర్‌నెట్ పేరు కింద రెండు వరసలు చూస్తే చాలు: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే.

ఐపీవీ4 అడ్రస్ 192.168 తో మొదలైతే, ఉదాహరణకు 192.168.1.23, రౌటర్ మీ కంప్యూటర్‌కు అడ్రస్ ఇచ్చిందన్నమాట. కొన్ని రౌటర్లు 10 తో మొదలయ్యేవి ఇస్తాయి, అదీ సరైనదే. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉండేది రౌటర్ అడ్రస్. సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది.

అక్కడ 169.254 తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. అది రౌటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. కంప్యూటర్ అడిగింది, ఎవరూ పలకలేదు, అందుకని తనకు తానే ఒకటి పెట్టుకుంది. గేట్‌వే వరస కూడా ఖాళీగా ఉంటుంది. ఈ స్థితిలో డీఎన్ఎస్ మార్చినా, బ్రౌజర్ మార్చినా ఉపయోగం లేదు, ఎందుకంటే కంప్యూటర్ ఇంకా రౌటర్‌నే చేరలేదు. ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ, స్లాష్, రిలీజ్ అని కొట్టండి. తర్వాత అలాగే స్లాష్ పెట్టి రెన్యూ అని కొట్టండి. కొత్త అడ్రస్ రాకపోతే కేబుల్ మార్చి చూడండి, లేదా వైఫై పేరును ఫర్గెట్ చేసి పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి. అదే రౌటర్ నుంచి మిగతా పరికరాలకు అడ్రస్ వస్తోందో లేదో కూడా చూడండి. వాటికీ రాకపోతే రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆగిపోయి ఉంటుంది.

ఎవరైనా ఎప్పుడో ఆ కంప్యూటర్‌లో చేత్తో అడ్రస్ పెట్టి ఉండొచ్చు. రౌటర్ మారాక ఆ పాత అడ్రస్ కొత్త రౌటర్‌తో కలవదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ అసైన్‌మెంట్ అన్న చోట ఆటోమేటిక్ అని ఉందో లేదో చూడండి. ఇది చిన్న విషయమే, కానీ గంటలు తినేసే రకం.

పింగ్‌తో దగ్గర నుంచి దూరానికి

అడ్రస్ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే దారి ఎక్కడ తెగిందో పింగ్ చెప్తుంది. ఒక అడ్రస్‌కు చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్ అది. మూడు పింగ్‌లు, ఇదే వరసలో.

1. పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, మీ గేట్‌వే అడ్రస్ ఇవ్వండి, అంటే 192.168.1.1 లాంటిది. జవాబు వస్తే రౌటర్ దాకా దారి బాగుంది.
2. పింగ్ 8.8.8.8. ఇది గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వర్. జవాబు వస్తే బయటి ప్రపంచం దాకా దారి ఉంది.
3. పింగ్ అని కొట్టి ఏదైనా పెద్ద సైటు పేరు ఇవ్వండి. ఆ పేరుకు పక్కనే ఒక అడ్రస్ కనిపిస్తే పేర్లను అడ్రస్‌లుగా మార్చే పని కూడా జరుగుతోంది.

ఒకటోది తప్పితే లోపం ఇంట్లోనే, మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య. ఒకటోది నెగ్గి రెండోది తప్పితే రౌటర్ అవతల, అంటే ఎక్కువగా ప్రొవైడర్ వైపు. రెండూ నెగ్గి మూడోదానికి పేరు దొరకలేదని వస్తే డీఎన్ఎస్ లోపం. పేరు అడ్రస్‌గా మారి జవాబు మాత్రం రాకపోతే భయపడకండి, పింగ్‌కు జవాబివ్వని సైట్లు ఉన్నాయి.

జవాబులను చదవడంలో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే పంపిన దానికి జవాబు రాలేదు. రిప్లై ఫ్రమ్ అని మొదలై చివర్లో టైమ్ ఎంతో చూపిస్తే జవాబు వచ్చింది. కానీ రిప్లై ఫ్రమ్ అని మొదలై, మీ సొంత కంప్యూటర్ అడ్రస్సే చూపించి, చివర డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే అది జవాబు కాదు. అవతలివాడు దొరకలేదని మీ కంప్యూటరే మీకు చెప్తోంది. తమాషా ఏమిటంటే కింద లెక్కలో 0 శాతం లాస్ అని చూపిస్తుంది. ఆ సున్నా చూసి అంతా బాగుందనుకుని వేరే దారిలో వెతుక్కునేవాళ్లు చాలామంది. అందుకే కింది లెక్క కాదు, పైన ప్రతి వరసా చదవండి.

డీఎన్ఎస్ లోపమని తేలితే ముందు ఐపీకాన్ఫిగ్ పక్కన స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొట్టండి. కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత అడ్రస్‌లు తుడుచుకుపోతాయి. అప్పటికీ కాకపోతే ఆ కంప్యూటర్ వరకు డీఎన్ఎస్‌ను 8.8.8.8 అనో, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 అనో పెట్టి చూడండి. దానితో పనిచేస్తే అప్పుడు రౌటర్‌లో మార్చుకోవచ్చు, ఇంట్లో అన్నిటికీ వర్తిస్తుంది. ముందే రౌటర్‌లో మార్చకండి, పరీక్ష ఎప్పుడూ చిన్న చోటే మొదలుపెట్టాలి.

వస్తుంది, పోతుంది: ఇది ఇంకో రకం

పూర్తిగా పోతే కనుక్కోవడం తేలిక. అప్పుడప్పుడూ తెగడమే టెన్షన్. దీనికి గేట్‌వేకు ఆగకుండా పింగ్ పెట్టాలి. పింగ్, గేట్‌వే అడ్రస్, ఖాళీ, ఒక హైఫన్, దాని పక్కనే టీ అక్షరం. కంట్రోల్, సీ నొక్కేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఇంకో విండోలో 8.8.8.8 కు కూడా అలాగే పెట్టి, మీ పని మీరు చేసుకోండి. నెట్ తెగినప్పుడు రెండు విండోల్లోనూ జవాబులు ఆగితే లోపం వైఫైదో, కేబుల్‌దో, రౌటర్‌దో. రౌటర్ జవాబిస్తూ బయటిది మాత్రమే ఆగితే ప్రొవైడర్‌ది. కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

కేబుల్‌తో ఉన్నప్పుడు రౌటర్ జవాబు సాధారణంగా 1 మిల్లీసెకను లోపు వస్తుంది. వైఫైలో కొద్దిగా ఎక్కువ. అది పదుల నుంచి వందల్లోకి ఎగిరి పడుతుంటే సిగ్నల్ బాగోలేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ నెమ్మది, పైగా ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రౌటర్ ఉన్న గదిలో 5 వాడండి, దూరపు గదిలో 2.4 కు మారి చూడండి. 2.4 లో ఛానెల్ ఆటోలో ఉండి ఇబ్బంది పెడితే 1, 6, 11 లలో ఒకటి ఎంచుకోండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. మధ్యలో 3 లాంటిది పెడితే రెండు వైపుల గోలా మీకే వస్తుంది. రౌటర్‌ను బీరువా వెనకో, టీవీ కిందో దాచకుండా ఎత్తుగా, ఇంటి మధ్యకు దగ్గరగా పెట్టడం చాలా ఇళ్లలో సెట్టింగుల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

కేబుల్ ఉండీ నెమ్మదిగా ఉంటే ఒక పరీక్ష ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. రౌటర్, కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వే అయినా 1000 బదులు 100 అని చూపిస్తే అనుమానించాల్సింది కేబుల్‌నే. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 కు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, ఒక్క పిన్ను కలవకపోయినా కనెక్షన్ పోకుండా వేగం మాత్రం పదో వంతుకు పడిపోవచ్చు. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. మంచి క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఇంటికి అంతకంటే అక్కర్లేదు.

షేరింగ్: ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారా?

ఇక అసలు తలనొప్పి. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్ ఇంకో కంప్యూటర్‌లో కనబడాలి, కనబడదు. ఇక్కడ కూడా వరస తప్పకుండా వెళ్లాలి.

ముందు రెండు కంప్యూటర్లలోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి అడ్రస్‌లు పక్కపక్కన రాసుకోండి. ఒకటి 192.168.1.23, ఇంకోటి 192.168.1.40 అయితే సరే. ఒకటి 192.168.1 తో, ఇంకోటి 192.168.0 తో మొదలైతే ఆ రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌ల్లో ఉన్నట్టే. ప్రొవైడర్ ఇచ్చిన డబ్బాలోనే ఒక రౌటర్ ఉంటుంది. సిగ్నల్ చాలదని మనం ఇంకో రౌటర్ కొని దాని వెనక పెడతాం. డెస్క్‌టాప్ మొదటిదానికి, ల్యాప్‌టాప్ రెండోదానికి కలుస్తాయి. ఇంటర్నెట్ రెండింటిలోనూ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. విచిత్రంగా, అడ్రస్ కొడితే ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్ తెరుచుకోవచ్చు, డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్ మాత్రం దొరకదు. లోపలి రౌటర్ తన వెనక ఉన్నవాటిని బయటికి వెళ్లనిస్తుంది, బయటి నుంచి లోపలికి రానివ్వదు. ఇలా ఒకవైపు మాత్రమే పనిచేస్తుంటే ముందు రెండు రౌటర్ల సంగతే చూడండి. మందు తేలికే: రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టండి. అప్పుడు అది సొంతంగా అడ్రస్‌లు పంచడం మానేసి సిగ్నల్ మాత్రమే ఇస్తుంది.

గెస్ట్ వైఫైలో కలిసిన పరికరాలు ఇంట్లోని మిగతావాటిని చూడలేవు, గెస్ట్ వైఫై ఉన్నదే అందుకు. రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ లేదా క్లయింట్ ఐసోలేషన్ అనేది ఆన్‌లో ఉన్నా ఇదే ఫలితం. కంప్యూటర్‌లో వీపీఎన్ నడుస్తుంటే ఆపి చూడండి, కొన్ని వీపీఎన్‌లు ఇంటి నెట్‌వర్క్‌కు దారి మూసేస్తాయి. షేర్ చేసిన కంప్యూటర్ స్లీప్‌లోకి పోయినా దొరకదు. అదే గంట తర్వాత ఫోల్డర్ మాయమవుతోందంటే స్లీప్ సెట్టింగే చూడండి.

పబ్లిక్, ప్రైవేట్: ఎక్కువమంది ఆగిపోయే చోటు

విండోస్ ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక ముద్ర వేస్తుంది, పబ్లిక్ అనో ప్రైవేట్ అనో. పబ్లిక్ అంటే కంప్యూటర్ పక్కవాళ్లకు కనబడకుండా దాక్కుంటుంది. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ను మామూలుగా పబ్లిక్‌గానే తీసుకుంటుంది. బయట అది మంచిదే. ఇంట్లో షేరింగ్ కావాలంటే మాత్రం మార్చాలి. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మీ వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్, అక్కడ ప్రైవేట్ నెట్‌వర్క్ ఎంచుకోండి. రెండు కంప్యూటర్లలోనూ చేయండి.

తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరవండి. విండోస్ 10లో ఇది కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో ఉంటుంది. ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. పబ్లిక్ కింద రెండూ ఆఫ్‌లోనే ఉంచండి. ల్యాప్‌టాప్‌ను రేపు బయటికి తీసుకెళ్తారు కదా. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసినా మళ్లీ తనంతట తనే ఆఫ్ అయిపోతుంటే సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్, ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్, ఎస్ఎస్‌డీపీ డిస్కవరీ అనేవి నడుస్తున్నాయో లేదో చూడండి. మొదటిదాన్ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

విండోస్‌ది కాకుండా వేరే యాంటీవైరస్ వేసుకుని ఉంటే దాని ఫైర్‌వాల్ వేరుగా ఉండొచ్చు, దానికీ ఇల్లు, బయట అనే ఎంపిక వేరుగా ఉంటుంది. అక్కడ కూడా మీ నెట్‌వర్క్‌ను ఇల్లుగా గుర్తించమనండి. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయమని చెప్పే సలహాలు చాలా దొరుకుతాయి. పరీక్ష కోసం రెండు నిమిషాలు ఆపితే ఆపండి గానీ అలా వదిలేయకండి.

పాత సలహాల్లో హోమ్‌గ్రూప్ చేసుకోమని ఉంటుంది. విండోస్ 10లో 2018లో వచ్చిన 1803 వెర్షన్‌తోనే అది పోయింది. దానికోసం వెతకడం దండగ.

కనబడకపోయినా తెరుచుకోవచ్చు

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అన్నచోట కంప్యూటర్ పేరు కనబడకపోతే షేరింగ్ పోయినట్టు కాదు. కనబడటం ఒక పని, తెరుచుకోవడం ఇంకో పని. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి అవతలి కంప్యూటర్ పేరు ఇచ్చి చూడండి. కాకపోతే పేరు బదులు దాని ఐపీ అడ్రస్ ఇచ్చి చూడండి. బ్యాక్‌స్లాష్ అంటే వెనక్కి వాలినది, సైట్ల అడ్రస్‌లో వాడేది కాదు.

ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే షేరింగ్ బాగుంది, పేరు కనుక్కోవడమే కుదరట్లేదు. ఆ ఫోల్డర్‌ను ఐపీతోనే మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ చేసుకుని, అంటే మీ కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌లా కనబడేలా పెట్టుకుని వాడుకోండి, అదే చాలు. ఐపీతో కూడా తెరుచుకోకుండా 0ఎక్స్80070035 అని ఎర్రర్ వస్తే అవతలి కంప్యూటర్ దాకా దారే దొరకలేదని. అప్పుడు పవర్‌షెల్ తెరిచి టెస్ట్, హైఫన్, నెట్‌కనెక్షన్ అని కొట్టి, అవతలి ఐపీ ఇచ్చి, హైఫన్ పోర్ట్ 445 అని చేర్చండి. పోర్టు అంటే కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఒక్కో నంబరున్న ద్వారం లాంటిది. విండోస్ ఫైల్ షేరింగ్ నడిచేది ఆ పోర్టు మీదే. చివరి వరసలో ట్రూ వస్తే దారి తెరిచే ఉంది, మిగిలింది పాస్‌వర్డ్ గొడవ. ఫాల్స్ వస్తే ఫైర్‌వాల్, పబ్లిక్ ముద్ర, స్లీప్, గెస్ట్ వైఫై ఇవన్నీ మళ్లీ చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఈ 445 పోర్టును రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరు చెప్పినా వినకండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై రాన్సమ్‌వేర్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది ఈ షేరింగ్ దారిలోనే.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఇవ్వాల్సింది అవతలి కంప్యూటర్‌లోని అకౌంట్‌వి, మీరు కూర్చున్న కంప్యూటర్‌వి కావు. రోజూ తెరవడానికి వాడే పిన్ ఇక్కడ చెల్లదు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. నెట్‌వర్క్‌లో నుంచి వెళ్లడానికి అసలు పాస్‌వర్డ్ కావాలి. ఇక అవతలి అకౌంట్‌కు పాస్‌వర్డే లేకపోతే విండోస్ నెట్‌వర్క్ నుంచి ఆ అకౌంట్‌ను అస్సలు రానివ్వదు. ఖాళీ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక చిన్న లోకల్ అకౌంట్ చేసుకోండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో యాడ్ అకౌంట్ నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా చేర్చే ఎంపిక తీసుకోండి. గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. అడ్మినిస్ట్రేటర్ చేయకండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో షేర్ నొక్కి ఆ అకౌంట్‌ను చేర్చండి. చదవడం వరకేనా, రాయడానికీ వీలివ్వాలా అనేది అక్కడే ఎంచుకోండి. అవతలి నుంచి అడిగినప్పుడు యూజర్‌నేమ్ దగ్గర ఆ కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, అకౌంట్ పేరు ఇవ్వండి. పిన్ గొడవ, మైక్రోసాఫ్ట్ అకౌంట్ గొడవ రెండూ ఒకేసారి తప్పుతాయి. సొంత అకౌంట్ పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ చెప్పాల్సిన పనీ ఉండదు.

ఫోల్డర్ కనిపించి లోపలికి వెళ్తే యాక్సెస్ డినైడ్ అంటే అనుమతులు రెండు చోట్ల ఉంటాయని గుర్తుచేసుకోండి. షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో పూర్తి అధికారం ఇచ్చినా సెక్యూరిటీలో ఆ పేరు లేకపోతే లోపలికి వెళ్లలేరు. అడ్వాన్స్‌డ్ షేరింగ్ బటన్ మొదటిదాన్నే మారుస్తుంది, అందుకే పైన మామూలు షేర్ బటన్ వాడమన్నాను.

పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చి ఉంటే పాతది క్రెడెన్షియల్ మేనేజర్‌లో కూర్చుని ఉంటుంది. మిమ్మల్ని అడగకుండానే పాతదే పంపి, కాదనిపించుకుని వస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ కంప్యూటర్ పేరున్న దాన్ని తీసేయండి.

రౌటర్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్, పాత నెట్‌వర్క్ డిస్క్ లాంటివి నిన్నటిదాకా తెరుచుకుని, కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక ఆగిపోతే కారణం వేరు. అవి ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోనో, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశంతోనో నడుస్తుంటాయి. ఎస్ఎంబీ1 ను విండోస్ 2017 చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి నియమాలు ఇంకా బిగిశాయి. ఎస్ఎంబీ1 ను మళ్లీ ఆన్ చేయడం రెండు క్లిక్‌ల పని, కానీ చేయొద్దు. వాన్నాక్రై దూరింది దాంట్లోనే. ముందు ఆ పరికరం ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, దానిలో ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి చూడండి. కుదరకపోతే ఆ డిస్క్‌ను ఒక కంప్యూటర్‌కు పెట్టి అక్కడి నుంచి షేర్ చేసుకోవడం మేలు.

ప్రింటర్, మ్యాక్, ఫోన్

ప్రింటర్ ఎదురుగా ఆన్‌లోనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. ఎక్కువగా జరిగేది ఏమిటంటే రౌటర్ ఆపి వేశాక ప్రింటర్‌కు కొత్త అడ్రస్ వస్తుంది, కంప్యూటర్ పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. ప్రింటర్ తెర మీద గానీ, అది అచ్చువేసే నెట్‌వర్క్ కాగితం మీద గానీ ప్రస్తుత అడ్రస్ చూడండి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్‌లో ఉన్నదానితో పోల్చండి. వేరుగా ఉంటే సరిచేసి, రౌటర్‌లో ఆ ప్రింటర్‌కు అడ్రస్ రిజర్వేషన్ పెట్టేయండి. ఇక మారదు. చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రింటర్‌కే వైఫై ఉంటే ఒక కంప్యూటర్ ద్వారా షేర్ చేయకండి, ప్రతి కంప్యూటర్‌నూ నేరుగా ప్రింటర్‌కే కలపండి. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో తీవ్రమైన లోపాలు బయటపడ్డాక వచ్చిన అప్‌డేట్లతో షేర్ చేసిన ప్రింటర్లు 0ఎక్స్0000011బీ ఎర్రర్‌తో చాలా చోట్ల ఆగిపోయాయి. రెండు కంప్యూటర్లనూ పూర్తిగా అప్‌డేట్ చేయండి. రిజిస్ట్రీ మార్చి ఆ రక్షణ తీసేయమనే చిట్కా జోలికి వెళ్లకండి.

మ్యాక్ నుంచి విండోస్ ఫోల్డర్ తెరవాలంటే ఫైండర్‌లో కమాండ్, కె నొక్కి ఎస్ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత ఐపీ అడ్రస్ ఇవ్వండి. విండోస్ నుంచి మ్యాక్ తెరవాలంటే మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేయడంతో సరిపోదు. ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ అకౌంట్‌కు టిక్ పెట్టాలి.

ఫోన్ ఒక్కటే కలవకపోతే, రౌటర్‌లో మ్యాక్ అడ్రస్ ఫిల్టర్ పెట్టి ఉన్నారేమో చూడండి. ఇది మ్యాక్ కంప్యూటర్ సంగతి కాదు. ప్రతి పరికరానికీ తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరును మ్యాక్ అడ్రస్ అంటారు, జాబితాలో ఉన్నవాటినే ఫిల్టర్ రానిస్తుంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ బదులు మారుపేరు లాంటిది వాడుతున్నాయి, ఫిల్టర్‌కు అది తెలియదు. పాత పరికరం ఏదైనా కలవకపోతే వైఫై భద్రతను డబ్ల్యూపీఏ3 ఒక్కటే కాకుండా డబ్ల్యూపీఏ2, 3 కలిసి ఉండేలా పెట్టండి.

ప్రొవైడర్‌కు ఫోన్, ఆఖరున నెట్‌వర్క్ రీసెట్

లోపం బయటిదని తేలితే ప్రొవైడర్‌కు ఫోన్ చేసే ముందు నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకోండి. ఏ లైటు ఏ రంగులో ఉంది, గేట్‌వే పింగ్ వస్తోందా, 8.8.8.8 పింగ్ వస్తోందా, ఏ టైమ్ నుంచి ఇలా ఉంది. కేబుల్‌తో నేరుగా కలిపి చూశానని కూడా చెప్పండి. రౌటర్ ఆపి వేయమనే మొదటి మెట్టు దాటేసి అసలు విషయానికి వస్తారు.

అన్నీ చూశాక కూడా ఒక్క విండోస్ కంప్యూటర్ మాత్రమే మొరాయిస్తుంటే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ పెడుతుంది. అందుకే ఆఖరున చెప్తున్నాను. నొక్కే ముందు వైఫై పాస్‌వర్డ్, చేత్తో పెట్టుకున్న అడ్రస్‌లు, డీఎన్ఎస్ రాసిపెట్టుకోండి. వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. రీసెట్ అయ్యాక తెలిసిన నెట్‌వర్క్‌లు తిరిగి పబ్లిక్ ముద్రలోకి వెళ్లవచ్చు. ఇంటర్నెట్ వచ్చేసింది కదా అని వదిలేస్తే షేరింగ్ ఆగిపోయి ఉండొచ్చు. వెంటనే ప్రైవేట్‌కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత ఇంకో కంప్యూటర్ నుంచి ఒక ఫైలు తెరిచి, సేవ్ చేసి చూడండి.